పంటు మీద ఆగిన కారు

కె.గంగవరం దాటి కోటిపల్లి రోడ్డెక్కేసరికి డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ బొమ్మ వెలిగింది. విజయదుర్గ దాన్ని చూస్తూనే బండి నడిపింది. వెనక సీట్లో ఆమె అత్తగారు వీరాయమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ఆవిడ రెండు కిడ్నీలూ పాడై ఏడాది దాటింది. డయాలసిస్‌కి అమలాపురంలో చోటు దొరికింది. వారానికి మూడుసార్లు గోదావరి దాటించి తీసుకెళ్లడం కోడలి పని. కొడుకు వీరబాబు దోహాలో ఉంటాడు. భార్యని పట్టుబట్టి డ్రైవింగ్ నేర్పించింది అతనే.

ఆ దీపం కొన్నాళ్లుగా అప్పుడప్పుడూ వెలిగి ఆరిపోతోంది. భర్తకి ఫోన్లో చెబితే, "కొత్త బ్యాటరీ, మొన్న వచ్చినప్పుడు నేనే కదా వేసేను. నువ్వు ఏసీ ఎక్కువ వాడేస్తున్నావు" అన్నాడు. ఆమె ఏసీ మానేసింది. ఇవాళ కూడా వెయ్యలేదు. దీపం మాత్రం ఆరలేదు.

రేవు ముందు బండి పక్కకి తీసి, ఇంజను ఆపకుండానే, ముక్తేశ్వరంలో కార్లు బాగుచేసే ఫిలిప్‌కి ఫోన్ చేసింది.

"బానెట్ ఎత్తండి. ఇంజను పక్కన బెల్టు తిరుగుతోందా? చెయ్యి పెట్టకండి, చూడండంతే" అన్నాడతను.

"తిరుగుతోందండి."

"ఇంజను వేడెక్కినట్టు చూపిస్తోందా?"

"లేదండి, మామూలుగానే ఉంది."

"అయితే బెల్టు తెగలేదు. బ్యాటరీకి ఛార్జింగ్ వెళ్లట్లేదు. అందులో ఉన్నదాని మీదే బండి నడుస్తోంది. ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదో చెప్పలేనండి."

బళ్లనీ మనుషుల్నీ నది దాటించే పంటు మీద ఇంజను ఆపాల్సిందే. యానాం వంతెన మీదుగా వెళ్తే ఆపక్కర్లేదు గానీ అది చుట్టు. దారి మధ్యలో ఆగిపోతే అత్తగారిని ఎండలో నిలబెట్టాలి. ఇటైతే అవతలి ఒడ్డున ఫిలిప్ ఉంటాడు. విజయదుర్గ బండిని పంటు ఎక్కించి తాళం తిప్పేసింది.

"ఏమైందమ్మాయ్?" అంది వీరాయమ్మ.

ఆమె చెప్పింది.

"ఇన్నాళ్లూ నాతో అనలేదే?"

"మీరు కంగారు పడతారని అత్తయ్యగారూ."

"పడితే పడతాను. చెప్పాలి కదా."

అవతలి ఒడ్డు చేరేక తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది, అంతే. పంటు వాళ్లూ మోటారుసైకిళ్ల వాళ్లూ కలిసి కారుని ఒడ్డు మీదికి తోసేరు. ఆలస్యమైతే ఆస్పత్రిలో మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. విజయదుర్గ ఫిలిప్‌కి మళ్లీ ఫోన్ చేస్తుండగానే వీరాయమ్మ తన సంచీ పట్టుకుని ఒక ఆటో దగ్గరికి నడిచింది.

"ఉండండి, నేనూ వస్తాను."

"నువ్వొచ్చేస్తే సాయంత్రం ఇంటికి ఎలా వెళ్తాం? బండి చూసుకో. నేను వెళ్లగలను."

ఆవిడ ఒంటరిగా ఆస్పత్రికి వెళ్లడం అదే మొదలు. ఆటో మలుపు తిరిగేదాకా చూసి, విజయదుర్గ ఆస్పత్రి నర్సు గాయత్రికి ఫోన్లో విషయం చెప్పింది.

ఫిలిప్ స్కూటర్ మీద వేరే బ్యాటరీ, వైర్లు తెచ్చేడు. వాటితో ఇంజను స్టార్ట్ చేసి, మీటరు పెట్టి చూసేడు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దగ్గర పధ్నాలుగు వోల్టులు దాటి చూపించింది. బ్యాటరీ దగ్గర పన్నెండు కూడా లేదు.

"అక్కడ పుడుతోంది, ఇక్కడికి రావట్లేదు" అంటూ రెండిటి మధ్య వైరు పట్టుకుని వెతికేడు. బ్యాటరీ పక్కన ఫ్యూజుల డబ్బాలో ఆ వైరు కొస నల్లగా కాలి ఉంది. దాని నట్టు వేలితోనే తిరిగింది.

"బ్యాటరీ ఎవరు మార్చేరండి?"

"మా ఆయన."

"అప్పుడీ నట్టు బిగించలేదండి" అన్నాడు ఫిలిప్. కాలిన ముక్క కోసేసి, కొత్త కొస బిగించేడు. దీపం ఆరిపోయింది. ఇన్నాళ్లూ చెమటలు కక్కుతూ బండి నడిపినందుకు విజయదుర్గకి ఒళ్లు మండింది.

ఆస్పత్రికి వెళ్లేసరికి వీరాయమ్మకి డయాలసిస్ సగం అయిపోయింది. పక్క మంచం మీదున్న బుచ్చమ్మతో కబుర్లలో ఉంది. కోడల్ని చూసి తలూపి, మళ్లీ అటు తిరిగింది.

వరండాలో ఉండగా వీరబాబు ఫోన్ చేసేడు.

"ఫ్యూజుల డబ్బాలో నట్టు బిగించలేదటండి. మీరు బ్యాటరీ వేసినప్పటి నుంచీ అలాగే ఉంది" అంది.

"నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు.

"ఆయ్" అంది. ఏసీ మాట ఇద్దరూ ఎత్తలేదు.

తిరుగు దారిలో వీరాయమ్మ, "గురువారాలు నేను ఆటోలో వెళ్తాను. ఆ ఆటో అబ్బాయి ముక్తేశ్వరం రేవు దగ్గరికి వస్తానన్నాడు. నువ్వు కోటిపల్లి దాకా దింపితే చాలు" అంది.

"నా మీద కోపం వచ్చిందా అత్తయ్యగారూ?"

"కోపమెందుకు? ఏడాదిగా నీ వెనక మూటలా కూర్చుని వెళ్తున్నాను. ఇవాళ ఒక్కదాన్నే వెళ్లేను. బాగుంది."

"డయాలసిస్ అయ్యేక మీకు కళ్లు తిరుగుతాయి. అప్పుడెలాగండి?"

వీరాయమ్మ కొంచెం ఆలోచించింది. "సరే, తిరిగొచ్చేటప్పుడు నువ్వు రా."

గురువారం ఉదయం ఆవిడ పంటు ఎక్కి, జనం మధ్య బల్ల మీద కూర్చుంది. వెనక్కి చూడలేదు. విజయదుర్గకి మనసు చివుక్కుమంది, తేలికగానూ అనిపించింది. పంటు నది మధ్యకి వెళ్లేదాకా నిలబడి, ఇంటికెళ్లి వేడన్నం వండుకుని, చాలాకాలానికి నిదానంగా కూర్చుని తింది.