గోడకు అటూ ఇటూ బల్లులు

పొద్దున్నే లేచి గోడ చూసుకోవడం వాచీ మెకానిక్‌కి అలవాటు. ఇల్లు పంచుకున్నప్పుడు తనకీ తమ్ముడికీ మధ్య పైకప్పు దాకా లేపిన గోడ అది. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. తమ్ముడు దాన్ని అంగుళమైనా ఇటు జరుపుతాడేమోనని ఆయన అనుమానం.

పంచుకున్న ఇళ్లన్నిట్లో లాగే ఇక్కడా బల్లులు రెండు జాతులుగా విడిపోతున్నాయి. ఇటువైపువాటికి ఒంటినిండా తెల్లచుక్కలు, అటువైపువాటికి నీలం తోకలు.

ఆ రోజు ట్యూబ్‌లైటు పక్కన బల్లిపిల్ల ఒకటి కనిపించింది. ఒళ్లంతా చుక్కలు. తోక నీలం!

ఆయన వెంటనే మేడమీద అద్దెకుండే సైన్సు మాస్టార్ని లాక్కొచ్చాడు.

"దారి మూసేస్తే ఎవరి రక్తం వాళ్లదే అయిపోతుందండీ. కొన్ని తరాలకి ఎదురుపడ్డా జతకట్టవు," అన్నాడు మాస్టారు మెడ రిక్కించి చూస్తూ. "కానీ ఇది రెండు వైపులదీ. ఎక్కడో రాకపోకలున్నాయి."

"అనుకుంటూనే ఉన్నా! వాడు కన్నం పెట్టాడు."

వంటగదిలో గిన్నెల చప్పుడు టక్కున ఆగింది. అదీ ఆయన చెవిన పడింది.

గోడంతా తట్టుకుంటూ పోయాడు. బీరువా జరిపితే ఒక ఇటుక ఊగింది. గీకిన గుర్తులు మాత్రం ఇటువైపే ఉన్నాయి.

"నువ్వా?" అన్నాడు భార్య వైపు తిరిగి.

"నేనే. తోడికోడలు అటు ఏడుస్తుంటే ఎన్నాళ్లు చెవులు మూసుకోను? మరిదికి రక్తం జబ్బు. ఎముక మూలుగ మార్చాలట. తోడబుట్టినవాళ్లదైతే కలవచ్చట. మీరేమో పేరెత్తితేనే మండిపడతారు."

"ఇదేదో నాటకం," అన్నాడు. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు.

మర్నాడు ఆస్పత్రిలో ల్యాబు అమ్మాయి రక్తం తీస్తుంటే మెల్లగా అడిగాడు.

"తొమ్మిదేళ్లు గోడ ఉందమ్మా మా మధ్య. ఈపాటికి వేరైపోయి ఉండమా?"

"బల్లులకైతే సరిపోతుంది. మనుషులకి ఇంకొంచెం టైం పడుతుంది లెండి," అంది ఆమె, సీసా మీద చీటీ అతికిస్తూ.

రెండు వారాలకి కబురొచ్చింది. కలిసింది.

"సరిగ్గా చూశారా? ఇంకోసారి చూడండి."

"రెండుసార్లు చూశామండీ."

ఒప్పుకోలు కాగితంలో రోగికి మీరేమవుతారు అన్నచోట ఆయన పెన్ను చాలాసేపు ఆగింది. తర్వాత 'అన్నయ్య' అని గట్టిగా ఒత్తి రాసి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.