అలుపు బండ

తెల్లవారుతూనే సంగటి ముద్ద మూటగట్టుకొని ఊరంతా కరువు పనికి పోయేది. శింగనమల దారిలో వేస్తాండే రోడ్డుకు కంకర కొట్టాల. నడుము పట్టుకుపోయినప్పుడు ఒక్కొక్కరే వేపచెట్టు కింది బండకు వీపు ఆనించి, అలుపు దానికిచ్చి లేసేవాళ్లు. సాయంత్రం రామక్క దానిమీద కడవెడు నీళ్లు పోస్తే, పగలంతా తాగిన అలుపు మట్టిలోకి ఇంకిపోయేది. వాళ్ల తాతల నాటి నుంచీ అంతే.

ఈసారి బావి ఎండింది. తాగను తప్ప నీళ్లు లేవు. బండ కడగక అమావాస్య దాటింది. పొద్దున్నే ముట్టుకున్నా కాలుతాంది, జ్వరమొచ్చిన ఒళ్లు మాదిరి. అలుపుతో నిండిపోయిన బండ దగ్గరికి ఎవరూ పోవడంల్యా.

రామక్క కోడలు నల్లమ్మకు నెలలు నిండినాయి. దించుకోని అలుపు కడుపులో బిడ్డకు దిగుతాదని ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ పొద్దు సుత్తి ఎత్తిన ప్రతిసారీ ఆమె చెయ్యి కడుపు మీదికే పోతాంది.

"అత్తా, తెల్లారినప్పటి నుంచీ బిడ్డ కదలడంల్యా," అనింది.

రామక్క సుత్తి పడేసింది. "కూచో మే. నీ కుప్ప నేను కొడతా."

"ఎవరది కూచునేది?" మేస్త్రీ శివప్ప గొడుగేసుకొని వచ్చినాడు. "కొలతకు ఓవర్సీరు వస్తాండాడు. ఈడ పడకలేమీ వెయ్యల్యా."

"నెలలు నిండిన పిల్లప్పా. ఒక్క గడియ."

"ఒకరికిస్తే అందరూ ఆ బండకే అతుక్కుంటారు. సూడు, నేనే దానిమీద కూచుంటా. ఎవరొస్తారో రాండి!"

రామక్కకు శివప్పంటే పడదు. పోయిన కరువులో ఆమె మొగుడు ఎండలో పడిపోయే దాకా నీళ్లు తాగను పోనీయనిది ఈయనే. అయినా చెప్పింది.

"వద్దప్పా. అది నిండిపోయుండాది."

"నిండితే నేను దించుకుంటాలే పో, ముసల్దానా!"

ఆమె రెండోసారి చెప్పలేదు.

శివప్ప బండెక్కి కూచున్నాడు. ముందు గొడుగు వాలింది. తర్వాత తల వాలింది. లేద్దామని చేతులు ఆనించినాడు, మోచేతులు నిలబడలేదు. మొహం బూడిద రంగుకు తిరిగింది. కండ్లు మాత్రం భయంతో గిరగిరా తిరుగుతాండాయి.

"ఇంత... ఇంత మోస్తాండారా మీరు?"

సుత్తులన్నీ ఆగినాయి. పక్క కుప్ప కొడతాండే కుళ్ళాయప్ప మేస్త్రీని లేపను పోతే రామక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ అన్నా. మేస్త్రీ గూడా అలిసిపోయినాడు. కూచోనీ."

కోడలి చెయ్యి పట్టి బండ దగ్గరికి పిల్చుకుపోయింది. నల్లమ్మ కొనవేలితో ముట్టి చూసింది. వానకు తడిసిన రాయి మాదిరి చల్లగా ఉండాది. నేలమీద కూచొని వీపు ఆనించింది. ఒంట్లోంచి ఏదో జారి రాయిలోకి పోయింది. పైన శివప్ప సన్నగా మూలిగినాడు.

ఎంతసేపయినా కడుపులో ఉలుకు లేదు. రామక్క ఊపిరి బిగబట్టి కోడలి మొహమే చూస్తాంది. దూరంగా ఓవర్సీరు జీపు దుమ్ము లేచింది. శివప్ప అరవబోయినాడు, నోరు పెగల్లేదు.

అప్పుడు లోపలి నుంచి చిన్న మడమ గట్టిగా తన్నింది.

నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. జీపు వచ్చి ఎదురుగ్గా నిలబడింది. ఆమె లేయలేదు.