కోడిపిల్ల పట్టు: ఒక గాలి పిస్తోలు ఆత్మకథ

నేను ఒక గాలి పిస్తోలును. పిస్తోలు అనగానే మీరు ఒక అడుగు వెనక్కి వేసి ఉంటారు. ఆ మర్యాద నాకు దక్కవలసింది కాదు. నాలో మందుగుండు లేదు, నిప్పు లేదు, పొగ లేదు. ఒక ఉక్కు గొట్టం, దాని కింద ఒక సిలిండరు, అందులో ఒక స్ప్రింగు, స్ప్రింగు ముందు ఒక పిస్టన్, పిస్టన్ మూతికి తొడిగిన తోలు వాషర్. నా సంసారమంతా ఇంతే. గొట్టాన్ని పైకెత్తి వెనక్కి లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది. శనగగింజలో సగం కూడా లేని సీసపు గుండును గొట్టంలో పెట్టి, మూసి, ట్రిగ్గరు నొక్కితే స్ప్రింగు విచ్చుకుంటుంది. పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. ఆ గాలి గుండును తోసేస్తుంది.

నేను సముద్రాల అవతల ఒక చలిదేశంలో పుట్టాను. ఒక ముసలి పనివాడు కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, నా ట్రిగ్గరు కొక్కేన్ని ఆకురాయితో రాసి, నొక్కి చూసి, పెదవి విరిచి మళ్లీ రాసేవాడు. సాయంత్రానికి గానీ ఆయనకు తృప్తి కలగలేదు. ఇప్పటికీ ఎవరైనా నా ట్రిగ్గరు నొక్కి "వెన్నలా ఉంది" అంటే ఆ ముసలాయనే గుర్తుకొస్తాడు. ఆయన పేరు నాకు తెలియదు. పెట్టె మీద యజమాని పేరు మాత్రం బంగారు రంగులో వేశారు.

ఓడెక్కి మద్రాసు చేరాను. అక్కడ మౌంట్ రోడ్డులోని ఒక కొట్టులో నన్ను కొన్నవాడు ఓస్వాల్డ్ డిక్రూజ్. నెల్లూరు జిల్లాలో చింతలపాలెం జంక్షనని, రైలింజన్లు బాగుచేసే పెద్ద లోకో షెడ్డున్న ఊరు. ఆ ఊళ్లో ఆయన మెయిలు బండి డ్రైవరు. బొగ్గు మసి అంటిన చేతులతోనే నన్ను పెట్టెలోంచి తీశాడు. నాకు కొంచెం కోపం వచ్చింది గానీ, ఆయన పట్టుకున్న తీరు చూశాక కోపం పోయింది.

నా లోపం ఒకటి దాచకుండా చెప్పాలి. ట్రిగ్గరు నొక్కగానే లోపల పిస్టన్ దూకుతుంది కదా, ఆ దూకుడికి నా ఒళ్లంతా అదురుతుంది. ఆ అదురు మొదలయ్యేటప్పటికి గుండు ఇంకా గొట్టం దాటదు. నన్ను పిడికిలి బిగించి పట్టుకున్నారంటే ఆ అదురు ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోతుంది, దాంతోపాటే గుండూ పోతుంది. వదులుగా పట్టుకుంటే ప్రతిసారీ ఒకేలా ఎగురుతాను, గుండు ఒకే చోటికి పోతుంది. మగవాళ్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు. పిస్తోలు చేతికి రాగానే వాళ్ల దవడ బిగుసుకుంటుంది, దవడతోపాటు పిడికిలి. కొత్తగా పట్టుకున్న ప్రతివాడికీ డిక్రూజ్ దొర తన యాసలో ఒకటే మాట చెప్పేవాడు.

"గట్టి పట్టుకోవద్దు మ్యాన్. కోడిపిల్ల మాదిరి పట్టుకో. నలపకూడదు, వదలకూడదు."

ఉన్నమాట చెప్పేస్తున్నాను గనుక మిగతావీ చెబుతాను. పది అడుగుల్లో నా అంత నిజాయితీ గలది మరొకటి ఉండదు. ముప్పై అడుగులు దాటితే నా మాట నేనే నమ్మను. రేకు డబ్బాకు సొట్ట పెట్టడం నా మహాపరాక్రమం. నన్ను చూసి కాకి కూడా లేచిపోదు, మెడ వంచి చూస్తుంది. ఒక్కో గుండుకూ ఒక్కోసారి గొట్టం ఎత్తి లాగాలి, భుజం నొప్పి పుడుతుంది. అయినా షెడ్డు జనం నన్ను నెత్తిన పెట్టుకున్నారంటే కారణం ఉంది. వాళ్లు రోజంతా మసలేది సిలిండరుతో, పిస్టన్‌తో. నన్ను విప్పి చూసిన మొదటి రోజే "అరే, ఇది మన ఇంజనే గదబ్బా, బాయిలరు లేదంతే" అని మురిసిపోయారు. గ్యాసు సీసాలక్కర్లేదు, తూటాలక్కర్లేదు. ఒక స్క్రూడ్రైవరు, చుక్క నూనె, కాస్త ఓపిక ఉంటే చాలు, నేను మనిషి జీవితకాలం పనిచేస్తాను. ఇది గొప్ప కాదని ఎవరంటారో అననివ్వండి.

డిక్రూజ్ దొర కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ నన్ను రైల్వే ఇనిస్టిట్యూట్‌కు, అంటే ఉద్యోగుల క్లబ్బుకు, ఇచ్చేశాడు. ఆఖరి రోజున హాలు చివర జామకాయంత ఇత్తడి గంట వేలాడదీసి, పది అడుగుల దూరం నుంచి ఒక్క గుండుతో దాన్ని మోగించాడు. అప్పటినుంచి అదో ఆచారమైపోయింది. షెడ్డులో ఎవరు రిటైరైనా ఆ రోజు ఒక్క గుండు కొట్టాలి. గంట మోగితే పక్క గోడమీద తెల్ల రంగుతో వాళ్ల పేరు, పేరు పక్కన వాళ్ల పని రాస్తారు. డ్రైవరు, ఫైర్‌మన్, ఫిట్టరు, ఖలాసీ. మోగకపోతే టీ తాగి ఇంటికి పోవడమే. ముప్పై ఏళ్లు ఇంజను తోలినవాడు కూడా ఆ గోడ ముందు పెళ్లికొడుకులా చెమటలు కక్కేవాడు.

ఏటా ఒకసారి నన్ను విప్పి, తుడిచి, తోలు వాషరుకు గోరువెచ్చని ఆముదం పట్టించే పని ఫిట్టరు మాలకొండయ్యది. మాటలు తక్కువ మనిషి. చెవి దగ్గర పెట్టుకుని స్ప్రింగు చప్పుడు వింటే చాలు, నాకు ఎక్కడ నలతగా ఉందో కనిపెట్టేవాడు. అలాంటివాడి కుడిచేతికి ఒకరోజు ఇంజను కింద పనిచేస్తుండగా ఆవిరి తగిలింది. మానాక చూపుడు వేలొక్కటే మునుపటిలా ఆడింది, తక్కిన వేళ్లు సగం వంగి అక్కడే ఆగిపోయాయి. సుత్తి నిలవదు, స్పానరు నిలవదు. ఆయన్ను దీపాల గదికి మార్చారు. సిగ్నలు లాంతర్లు తుడిచి కిరసనాయిలు పోసే పని. కాగితాల్లో ఫిట్టరు కొట్టేసి ల్యాంప్‌మన్ అని రాశారు. ఆ రోజునుంచి మాలకొండయ్య తన తోలు పనిముట్ల సంచిని కొయ్యకు తగిలించేసి, మళ్లీ ముట్టుకోలేదు. ఇనిస్టిట్యూట్ గడప కూడా తొక్కలేదు.

ఆయన రాకపోవడంతో నాకు దిక్కులేకుండా పోయింది. ఎవరో మహానుభావుడు నన్ను స్ప్రింగు ముడిచి ఉండగానే పెట్టెలో పెట్టేసి వానాకాలమంతా మరిచిపోయాడు. స్ప్రింగును అలా ఉంచితే చచ్చుబడిపోతుంది. బయటికి తీసి కొడితే గుండు నా మూతి దగ్గరే జారిపడింది. అప్పుడు బాయిలరు మేస్త్రీ చెంగల్రెడ్డి రంగంలోకి దిగాడు. మంచివాడే, పాపం. కానీ జన్మంతా ఆవిరి ఒత్తిడి పెంచితే బండి ఎక్కువ లాగుతుందని నమ్మినవాడు. "దానికి సత్తువ చాల్లేదబ్బా, అంతే" అని తీర్మానించి, ఏదో పాత ఇంజను వాల్వులోని మందపాటి స్ప్రింగును నాలో కుక్కేశాడు.

నా బాధ ఏమని చెప్పను! ట్రిగ్గరు నొక్కితే గాడిద తన్నినట్టు ఎగిరిపడేదాన్ని. గుండు జోరుగానే పోయేది, గంట వైపు తప్ప. నేను ఎగిరేకొద్దీ వాళ్లు ఇంకా బిగించి పట్టుకునేవాళ్లు. వాళ్లు బిగించేకొద్దీ నేను ఇంకా గురి తప్పేదాన్ని. మూడేళ్లలో పదకొండు మంది రిటైరయ్యారు. ఒక్కరి పేరూ గోడెక్కలేదు. తప్పు స్ప్రింగుదని ఎవరూ అనలేదు, షెడ్డుకు దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టారు.

ఇంతలో ఆవిరి ఇంజన్లు పోతున్నాయని, మార్చి ఆఖరుకు షెడ్డు మూసేస్తారని ఆర్డరు వచ్చింది. మాలకొండయ్య రిటైరయ్యేదీ ఆ రోజే. షెడ్డు సామానంతా పాత ఇనుముకు పోతోంది, ఆ జాబితాలో నేనూ ఉన్నాను. ఇనిస్టిట్యూట్ సెక్రటరీ, గార్డు రూబెన్, ఒక మధ్యాహ్నం నన్ను గుడ్డలో చుట్టుకుని మాలకొండయ్య క్వార్టరుకు వచ్చాడు.

"మామా, దీన్ని ఒక్కసారి చూడు. ఆఖరి రోజు నువ్వన్నా గంట మోగించాల, అప్పుడు దీన్ని పాత ఇనుముకు పోకుండా నేనాపతా."

మాలకొండయ్య నా వంక చూడనైనా లేదు. "నేను రాను రూబెనూ. ల్యాంప్‌మన్‌కి గంటెందుకు? ఆ పొద్దు సంతకం పెట్టి ఎనక దావన ఇంటికొచ్చేస్తా. చెయ్యే లేనోడిని, నాకెందుకబ్బా ఇయన్నీ."

రూబెన్ నన్ను అరుగు మీద పెట్టి దిగులుగా వెళ్లిపోయాడు. మాలకొండయ్య భార్య కామాక్షమ్మ వాకిట్లో మిరపకాయలు తిరగేస్తోంది. లేచి వచ్చి, కొయ్యకున్న పనిముట్ల సంచి తీసి, దుమ్ము దులిపి భర్త ముందు పెట్టింది.

"విప్పు."

"ఏందిమే, నీకు చెప్తే అర్థం కాదా? స్ప్రింగు అణచాలంటే రెండు చేతుల సత్తువ కావాల."

"నా చేతులుండాయి గదా. యాడ అణచాల్నో నువ్వు చెప్పు, నేను అణుస్తా. ముప్పై ఏండ్లు ఫిట్టరు పెండ్లాన్నని చెప్పుకున్నా. ఎనక దావన ఇంటికి రావడానికి నువ్వేం దొంగతనం చేసినావా?"

ఆయన సంచిని దగ్గరికి లాక్కుని మూతి విప్పాడు. తర్వాత ఎడమ చేత్తో స్క్రూడ్రైవరు తీశాడు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నా చావు సంగతే మరిచిపోయాను. నాలుగేళ్ల తర్వాత ఆ చెయ్యి నన్ను తాకింది, అది చాలనిపించింది.

చెంగల్రెడ్డి స్ప్రింగు బయటికి రాగానే ఆయన నవ్వాడు. "వీడి బాయిలరు పాడుగాను!" అన్నాడు. దాన్ని మూడు చుట్లు తెగ్గోసి, కొనను పొయ్యిలో ఎర్రగా కాల్చి వంచి, రాతి మీద చదునుగా అరగదీశాడు. పాత వాషరు ఎండి చిట్లిపోయి ఉంది. కొత్తదానికి తోలు కావాలి. ఆయన ఒకసారి సంచి వంక చూసి, దాని పట్టీ కోసి, గుండ్రంగా కత్తిరించి ఆముదంలో నానేశాడు. ఇక స్ప్రింగు అణచాలి. నా సిలిండరును రోలు గుంటలో నిలబెట్టి, గుడ్డలు కుక్కి కదలకుండా చేశారు. కామాక్షమ్మ చీర కొంగు బిగించి, పీట చెక్కను నా మీద ఆనించి తన బరువంతా మోపింది. ఆయన ఎడమ చేత్తో మర మూత తిప్పాడు. రెండుసార్లు స్ప్రింగు ఎగిరి మిరపకాయల్లో పడింది. మూడోసారి మర పట్టింది. నన్ను తయారుచేసిన కార్ఖానాలో ఈ పనికి ఒక ఇనుప యంత్రం ఉండేది. దానికంటే కామాక్షమ్మే మెత్తగా అణచిందని నా సాక్ష్యం.

పెరటి గోడకు చింతపండు పూసి గవ్వొకటి అంటించారు. ఆయన నన్ను ఎడమ చేత్తో బిగించి పట్టుకుని నాలుగు గుళ్లు కొట్టాడు. నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. చెయ్యి పీకి, విసిగి, నన్ను కుడిచేతి అరచేతిలో ఊరికే ఆనించుకున్నాడు. సగం వంగిన ఆ వేళ్లు నా పిడి చుట్టూ నిలిచాయి. బిగించడం వాటికి చేతకాదు. ఆడే చూపుడు వేలితో ట్రిగ్గరు నొక్కాడు. నేను నా ఇష్టం వచ్చినట్టు హాయిగా ఎగిరాను. గవ్వ పగిలింది. ఇంకోటి అంటించారు, అదీ పగిలింది.

"కోడిపిల్ల పట్టు," అన్నాడు తన చేతిని తనే తిప్పి చూసుకుంటూ. కామాక్షమ్మ కళ్లు తుడుచుకుని, మిరప ఘాటని చెప్పింది.

మార్చి ఆఖరి రోజున ఇనిస్టిట్యూట్ హాలు కిక్కిరిసిపోయింది. మాలకొండయ్య ముందు దారినే వచ్చాడు, పట్టీ లేని సంచిని చంకలో పెట్టుకుని. వెనకాల కామాక్షమ్మ వచ్చింది. గొట్టం ఎత్తి లాగడం ఆయనవల్ల కాదు గనుక ఆమే ముందుకొచ్చి లాగి, గుండు పెట్టి, నన్ను ఆయన అరచేతిలో ఉంచింది. గుండు కొట్టే గీత దగ్గరికి ఆడమనిషి రావడం అదే మొదలు. వెనక ఎవరో గుసగుసలాడారు. చెంగల్రెడ్డి మాత్రం "బిగించి పట్టుకోబ్బా, బిగించి!" అని అరిచాడు.

ఒక్కటే గుండు. అది తప్పితే ఆయన ల్యాంప్‌మన్‌గా ఇంటికి పోతాడు, నేను పాత ఇనుములోకి పోతాను. ఆయన నన్ను బిగించలేదు. ఊపిరి ఆపి, వేలు మెల్లగా నొక్కాడు. ఆ ముసలి పనివాడు రాసి రాసి నునుపు చేసిన కొక్కెం వెన్నలా జారింది. నేను ఎగిరాను.

గంట మోగింది.

హాలంతా ఒక్కసారిగా అరిచింది. చెంగల్రెడ్డి అందరికంటే ముందు వచ్చి ఆయన్ను కౌగిలించుకుని, "ఎట్టబ్బా?" అన్నాడు. ఆయన "నీ స్ప్రింగేలే" అన్నాడు, అంతకంటే చెప్పలేదు. రంగు డబ్బాతో పెయింటరు గోడ దగ్గరికి వెళ్లి, మాలకొండయ్య అని రాసి, "పనేం రాయాల?" అని అడిగాడు. ల్యాంప్‌మన్ అని చెప్పవలసిన ఆఫీసు గుమాస్తా అక్కడే ఉన్నాడు. అతను చేతిలోని రిటైర్మెంటు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఫిట్టరు" అన్నాడు.

"కింద ఇంకో పేరు రాయి," అన్నాడు మాలకొండయ్య. "కామాక్షమ్మ."

పెయింటరు కుంచె ఆపాడు. "అమ్మ షెడ్డులో పన్జేయలేదు గదా మామా?"

"మరి ఈ స్ప్రింగు అణిచిందెవురు?"

షెడ్డు పోయింది, పట్టాలు పీకేశారు. నన్ను జాబితాలోంచి కొట్టేసి ఇనిస్టిట్యూట్ అద్దాల బీరువాలో పెట్టారు. మాలకొండయ్య ఇప్పుడు లేడు. ఏడాదికొకసారి కామాక్షమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, నన్ను విప్పి, వాషరుకు ఆముదం పట్టించి, స్ప్రింగు చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. నా బీరువాకు ఎదురుగానే ఆ గోడ. దానిమీద ఆఖరి పేరు ఆమెదే. పేరు పక్కన పెయింటరు ఆ రోజు ఎవరినీ అడక్కుండా రాసిన మాట ఇంకా చెరగలేదు. ఫిట్టరు.