గట్టి జడ

మిల్లులో అందరికీ ఆమె అక్కే. కుడిచేయి భుజం దాటి లేవడం మానేసినప్పటి నుంచి ఆమె జడ భర్తే అల్లుతున్నాడు. వాచీలు బాగుచేసే మనిషి, నెమ్మదైన వేళ్ళు. చిక్కు తగిలితే దువ్వెన ఆపి "నొప్పా?" అంటాడు.

"డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు ఆ రోజు కూడా.

"చూపిస్తే చెయ్యి ఎత్తొద్దంటాడు. ఎత్తలేనిదానికి మిల్లులో పనెవరిస్తారు? మీ వాచీల మీద బతుకుదామా?"

అతను నవ్వేశాడు. వాచీలు వచ్చి ఎన్నాళ్ళైందో ఇద్దరికీ తెలుసు.

నూలు వడికే మెషిన్‌కి పత్తి పోగు చుట్టిన బాబిన్లు తలకన్నా ఎత్తులో వేలాడతాయి. ఖాళీ అయినప్పుడల్లా చేయెత్తి మార్చాలి. కింద తెగిన పోగులు అతకాలి. పక్క మెషిన్ ఆమెను చిలక అంటారు, అంత వాగుడు. అక్క మెషిన్ పైబాబిన్లు చిలక మార్చేది. బదులుగా చిలక మెషిన్‌లో తెగిన పోగులు అక్క అతికేది. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు.

టీ వేళ చిలక ఆ జడ పట్టుకుని చూసింది. "బావ అల్లాడా? దీంతో పడవ కట్టేయొచ్చక్కా!"

"నోర్ముయ్యవే. నీ మొగుడు ఆ మాత్రమైనా అల్లుతాడా?"

నవ్వు ఆగకముందే సూపర్‌వైజరు వచ్చాడు, శుభవార్త తెచ్చిన మొహంతో.

"మీ మెషిన్లు ఆగడమే లేదు, పైవాళ్ళు తెగ మెచ్చుకున్నారు. చిలకా, చివరి వరసలో పని కుంటుతోంది, నువ్వక్కడికి వెళ్ళు. అక్కా, ఈ రెండూ నువ్వే చూసుకో. నీకిదో లెక్కా?"

చిలక నోరు తెరిచింది. బల్ల కింద అక్క ఆమె కాలు తొక్కింది. నిజం చెబితే ఇద్దరూ గేటు బయటే.

"అలాగే సార్," అంది అక్క.

ఇక అన్నీ ఎడమచేత్తోనే. చివరి వరస నుంచి చిలక అప్పుడప్పుడు మెడ సాచి చూసేది. అంత దూరం నడిచొస్తే అందరి కళ్ళూ పడతాయి.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, జడ అల్లించుకుంటూ, చెవి మీద పడ్డ వెంట్రుకలు తోసుకోబోయింది అక్క. ఎడమచేయి మెడ దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇది కూడానా?" అన్నాడు భర్త.

ఆ వెంట్రుకలు అతనే సర్దాడు. "ఇవాళ మానెయ్యి."

బయట మిల్లు కూత వేసింది.

"గట్టిగా అల్లండి. ఊడితే మెషిన్లో పడుతుంది. నేను మళ్ళీ ముడేసుకోలేను."

సగం అల్లిన జడ విప్పి, అతను మొదటి నుంచి మొదలుపెట్టాడు.