చిటికెడు విత్తనం

చిన్నమ్మాయి చేసిన కొత్త పదార్థం, పాత మందులకు లొంగని మలేరియా క్రిములను కూడా చంపిందని తెలిసిననాటి నుంచీ పెద్దమేడమ్‌కు కడుపుమంట చల్లారలేదు. ఆ ప్రయోగశాలలో రసాయనాలు తయారుచేయడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. గాజుకడ్డీ పట్టుకోవడం దగ్గర్నుంచి ఆ పిల్లకు నేర్పింది తనే. తను చేసిన పదార్థమూ క్రిములను చంపుతుంది, కాకపోతే కాస్త నింపాదిగా.

ఎలుకల మీద పరీక్షకు ఒక్కదాన్నే వేరే ఊరు పంపుతామని డైరెక్టరు తేల్చేశాడు. చేసినవాళ్లు కూడా దానితో వెళ్లి, కొన్ని నెలలు ఆ ఊళ్లోనే ఉండాలి. సాయంత్రానికల్లా చిన్నమ్మాయి తన సరుకును ఎక్కువ మొత్తంలో, గట్టి పలుకులుగా చూపించాలి. లేకపోతే పెద్దమేడమ్‌ది వెళుతుంది.

మధ్యాహ్నం దాటినా చిన్నమ్మాయి ఫ్లాస్కులో తేనెలాంటి జిగురే ఉంది. మంచులో పెట్టింది. గాజుకడ్డీతో లోపలి గోడంతా గీకింది. ఊహూఁ.

పక్కగదిలో క్రిములను పెంచే ఆయన గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏమ్మా, ఇంకా గడ్డకట్టలేదా? నా క్రిములు పండగ చేసుకుంటున్నాయి!"

"మీరు వెళ్లండి బాబాయ్!" అని కసిరి, పెద్దమేడమ్ వైపు తిరిగింది. "అక్కా, విత్తనం వేద్దామంటే మొదటిసారి కట్టిన పలుకు ఒక్కటైనా మిగల్లేదు. ఉన్నదంతా పరీక్షలకిచ్చేశాను. పైగా ఉత్సాహం ఆగక పాత సీసాలన్నీ తళతళలాడేట్టు కడిగేశాను."

అలాంటి పలుకు ఒక్కటి పడితే చాలు, దాన్ని పట్టుకుని జిగురంతా గడ్డకడుతుంది. ఆ పలుకులు చిటికెడు పెద్దమేడమ్ సొరుగులోనే ఉన్నాయి. ఎంత వేడికి కరుగుతుందో చూడమని అప్పట్లో చిన్నమ్మాయే ఇచ్చినదాంట్లో మిగిలినవి. చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదుగా, అనుకుంది పొద్దున్నుంచీ.

"పోనీలే అక్కా," అంది చిన్నమ్మాయి కళ్లు తుడుచుకుని. "నీదే వెళుతుందిగా. ఎవరిదైతేనేం, జ్వరం తగ్గాలి."

పెద్దమేడమ్‌కు ఒళ్లు భగ్గుమంది. తెలివి ఉంది సరే, ఈ మంచితనం కూడా దీనికే ఉండాలా!

విసురుగా సొరుగు లాగి, సన్నటి గొట్టం పట్టుకొచ్చింది. "జరుగు."

దాన్ని ఆ పిల్ల చేతికివ్వలేదు. తనే ఫ్లాస్కులోకి వంచి గోటితో తట్టింది. పలుకు పడ్డచోట తెల్లటి సూదులు లేచాయి. చూస్తుండగానే అవి గోడల దాకా పాకాయి.

"ఎక్కడిదక్కా ఇది?"

"నా సొరుగులోది. పొద్దున్నుంచీ ఉంది."

చిన్నమ్మాయి ముఖంలో వెలుగు సగంలో ఆగిపోయింది. "మరి ఇప్పుడెందుకిచ్చావు?"

"ఇవ్వలేదు. వేశాను." ఆవిడ ఫ్లాస్కు మీంచి చూపు తిప్పలేదు. "వెళ్లు, ఆ ఎలుకలతో నెలల తరబడి కాపురం చెయ్యి. ఇక్కడ నేనెవర్ని చూసి ఏడవాలో, అదీ చెప్పి వెళ్లు."

చిన్నమ్మాయి నవ్వలేదు. వడకట్టే గరాటును మెల్లగా ఆవిడ ముందుకు జరిపింది.

పెద్దమేడమ్ దాన్ని వెనక్కి నెట్టింది. "నీ సరుకు. నువ్వే వడకట్టుకో."