ఐలమ్మ కట్టిన గోడ

ఐలమ్మ సిమెంటు మాలు తట్ట దించి ఇంకోదానికి వంగేసరికి గోపాల్ మేస్త్రీ తాపీ ఆమె వైపు చాచాడు. తనకు నడుం పట్టేసిందట, వెనకగది గోడ ఆమెనే లేపమన్నాడు. ఐలమ్మ అందుకుంది.

సూరత్ దగ్గరి పల్సానాలో ఒక బట్టల మిల్లుకు కొత్త షెడ్డు లేస్తోంది. పెళ్లయి సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చిన కొత్తలో ఐలమ్మ మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. మగ్గాల కార్ఖానా మూతపడి, భర్త మార్కండేయ ఊపిరి జబ్బుతో పోయాక ఇటుకల మోతకు దిగింది. మోస్తున్నంతసేపూ చూపు మేస్త్రీల చేతుల మీదే. పని నేర్పమంటే, ఆడదానికి తాపీ ఏందని నవ్వారు. సొంత జిల్లావాడైన గోపాలూ నవ్వాడు. ఆమె ఊరుకోలేదు. అందరూ అన్నాలు తింటుంటే బురదతో ఇటుకలు పేర్చి, పడగొట్టి, మళ్లీ పేర్చేది. మొదటి గోడ పొట్టలా ముందుకు ఉబ్బింది. చూసి చూసి గోపాలే దగ్గరికొచ్చాడు.

"అతుకు మీద అతుకు రావద్దక్కా. ఇటుకను కాదు, వరుసకు కట్టిన దారాన్ని చూడు."

అలా మొదలైంది నేర్పడం.

ఈరోజు తడిపిన ఇటుకను మాలు మీద ఒత్తి, తాపీ పిడితో తట్టి, పక్కలకు పొంగినదాన్ని గీకేస్తూ పోయింది. సిమెంటుకు వేళ్ల చర్మం లేచి మండుతోంది. ఎండ వాలేసరికి గోడ ఛాతీ ఎత్తుకు వచ్చింది. దారానికి వేలాడే తూకం గుండు వేసి చూస్తే మూల దగ్గర వాలు కనబడింది. పై రెండు వరుసలూ ఊడదీసి మళ్లీ కట్టింది.

సాయంత్రం పని గుత్తకు పట్టిన ఠేకేదారు వచ్చి గోడను అరచేత్తో నిమిరి, ఎవరు కట్టారని అడిగాడు. తానేనన్నాడు గోపాల్. నోరు మెదపొద్దని ఐలమ్మకు కళ్లతో సైగ చేశాడు. తెలిస్తే ఇద్దరి పనీ పోతుందని అతని భయం. ఆ భయం ఆమెకూ తెలుసు.

"దీవార్ మైనే బనాయీ, సేఠ్," అంది, గోడ కట్టింది తానేనని.

ఠేకేదారు గోడకు వంక పెట్టలేదు. ఆడది కట్టిందని మిల్లు యజమానికి తెలిస్తే తన పరువేం కావాలని మండిపడ్డాడు. గోడ పడగొట్టమని గోపాల్‌ను, రేపటి నుంచి మోస్తే మొయ్యి లేకపోతే రాకు అని ఆమెను గదిమాడు.

"పడగొట్టేటోళ్లు పడగొట్టుకోండ్రి. కట్టింది మాత్రం నేనే. రేపటి సంది తట్ట ఎత్తను," ఈసారి తెలుగులోనే అంది ఐలమ్మ.

గోపాల్ గునపం అందుకోలేదు. తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. ఠేకేదారు తిట్టుకుంటూ బండెక్కాక, ఎక్కడికి పోతావక్కా అన్నాడు మెల్లగా.

"మా గల్లీల ప్రమీల వంటింటి గోడ వానకు కూలింది. పొద్దున అక్కడ మొదలువెడ్త."

తాపీ కడిగి అతనికిచ్చేసింది. తనది తాను కొనుక్కుంటానంది. రోడ్డు మీద ఆగిన షేర్ ఆటో ఎక్కి కూర్చుంది. వెనక్కి చూడలేదు.

ఇటుకల కుప్ప మీద, తట్ట కింద తలకు పెట్టుకునే ఆమె చుట్టబట్ట ఉండిపోయింది, సిమెంటు పట్టి గట్టిపడి, ఇంకా తల గుండ్రంలోనే.