నుదుటి దాకా వచ్చిన ఫొటో

పొద్దున్నుంచి జులేఖా ఒళ్లు మండుతూనే ఉంది. కెమెరా కంప్యూటర్‌కు తగులుకోనందుకు కాదు. అది తన తప్పేనని మొగుడు వాడకట్టు మొత్తానికి వినపడేలా అరుస్తున్నందుకు.

"ఆడోళ్ల చేతికిస్తే గిట్లనే అయితది," అన్నాడు లియాఖత్ అలీ, షాద్‌నగర్‌లో తన ఫొటో స్టూడియో వెనక గదిలో, కంప్యూటర్ వెనక్కి తల దూర్చి. "ఏడనో కింద పడేసినవ్."

"పడెయ్యలే."

"మరెందుకు పలుకుతలేదు?"

ఆయనకే తెలియనిది ఆమెకెలా తెలుస్తుంది? ఆ కెమెరా ఆయన తమ్ముడు ఆజం జిద్దా నుంచి తెచ్చింది. రోల్ అక్కర్లేదు, కడగడం అక్కర్లేదు, వైరు పెడితే ఫొటోలు కంప్యూటర్లోకి వచ్చి పడతాయని చెప్పి పోయాడు. వైరు పెట్టారు. ఒక్కటీ రాలేదు.

కడగడం అక్కర్లేదన్న ఆ ముక్క పట్టుకునే జులేఖా మాటిచ్చింది. నిరుడు లాడ్లీ బేగం ఇంటి పెండ్లిలో తీసిన రోల్‌ను పట్నంలో కడగడానికిస్తే, ల్యాబువాడు ఆమె పెద్ద మనవరాలి ఫొటోను పెద్దది చేసి, నమూనా అని అద్దంలో తగిలించాడు. పరదాలో పెరిగిన పిల్ల దారిన పోయే ప్రతివాడికీ కనపడింది. అప్పటి నుంచి ఆ ముసలామె కెమెరాను గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు చిన్న మనవరాలు జాహేదాకు పసుపు పెట్టే వేడుకకు జులేఖా ఒక్కతే ఆ కొత్త కెమెరాతో వెళ్లి, ముసలామె చేయి పట్టుకుని చెప్పింది.

"నానీ, గీ ఫొటోలు ఏ మొగోని కంట పడవు. నాదీ జిమ్మా, పూచీ నాది."

ఆ మాట నమ్మే ఆడపిల్లలు దుపట్టాలు తీసి పక్కన పడేశారు, జుట్లు విప్పుకుని ఎగిరి ఆడారు. ఇప్పుడు లాడ్లీ బేగం బుర్ఖా వేసుకుని స్టూడియో ముందు గదిలో కూర్చుని ఉంది. ఫొటోలు చూసిపోదామని వచ్చింది.

"నర్సింహకు కబురు పెట్టిన. కంప్యూటర్లు నేర్పేటోడు, ఆయనకు తెలుస్తది," అన్నాడు లియాఖత్.

"మొగోణ్ణి పిలిచిన్రా? నేను మాటిచ్చిన."

"నీ మాటతోని కంప్యూటర్‌కేం పని? రేపు రామచంద్రయ్య ఇంట్ల ఫంక్షనుంది, కెమెరాల జాగా కావాలె. ఇయ్యాల ఎక్కకపోతే అన్నీ కొట్టేస్త."

అరికాలి మంట నెత్తికెక్కింది జులేఖాకు. ఫొటోలు పోతే జాహేదా ఏడుస్తుంది. ఉంటే పరాయివాడు చూస్తాడు. మాటిచ్చింది తను, దాన్ని చిటికెలో తీసి పారేసింది ఈయన. పళ్లు బిగబట్టి గుమ్మంలో నిలబడింది.

నర్సింహ వెనక తలుపు నుంచి వచ్చాడు. నెమ్మదస్తుడు. కుర్చీలో కూర్చుని ఏదో తెరిచి చూశాడు. తెర మీద పసుపు రంగులో ఒక ప్రశ్న గుర్తు కనపడింది.

"అన్నా, కెమెరాతోని వచ్చిన సీడీ ఎక్కియ్యకముందే వైరు పెట్టిన్రా?"

"పెట్టి చూసిన. ఏమైతది?"

"గదే లొల్లి. కెమెరా ఏందో తెల్వక కంప్యూటర్ తప్పు రాసుకున్నది. గా రాసుకున్నది తీసేసి, ముందుగాల సీడీ, ఎన్కసీరి వైరు పెట్టాలె."

వైరు పెట్టింది లియాఖత్. పొద్దున్నుంచి తిట్లు తిన్నది జులేఖా. ఆయన ఆమె వైపు చూడనైనా చూడలేదు, సీడీ వెతకడంలో పడ్డాడు. చేతిలో ఏముంటే అది విసరాలనిపించింది ఆమెకు. విసరలేదు. నర్సింహ ఎక్కడ నొక్కుతున్నాడో, ఏది ముందో ఏది వెనకో కళ్లు ఆర్పకుండా చూసింది.

"బేటీ, లోపల మొగోళ్ల గొంతు ఇనొస్తాంది," అంది ముందు గదిలోంచి లాడ్లీ బేగం.

"మిషన్ బాగు చేస్తున్నరు నానీ. ఫొటోలింకా రాలే."

అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

సీడీ ఎక్కింది. కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. నర్సింహ వైరు పెట్టగానే టింగుమంది. తెర మీద కెమెరా పేరు వచ్చింది.

"ఇగ లేవుర్రి," అంది జులేఖా.

ఆమె మాట ముగియకముందే లియాఖత్ చేయి చాపి మౌస్ నొక్కేశాడు. మొదటి ఫొటో పైనుంచి కిందికి మెల్లమెల్లగా తెరుచుకోసాగింది. ముందు పూలు. తర్వాత పాపిట. ఆ తర్వాత పసుపు పూసిన నుదురు.

"రంగు జూడు నర్సింహా, ఎంత మంచిగొచ్చిందో," అన్నాడు ముందుకు వంగి.

జులేఖా వంగి వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కనుబొమల దగ్గర ఫొటో ఆగిపోయింది.

"పిచ్చి గిన లేసిందా నీకు? గిప్పుడే గద వచ్చింది."

"వచ్చింది. అందుకే పోర్రి."

నర్సింహ అప్పటికే తల వంచుకుని లేచాడు. "తప్పయింది భాభీ. మళ్ల వైరు పెట్టుర్రి, అదే పలుకుతది," అని వెనక తలుపు దాటాడు.

లియాఖత్ కదల్లేదు. "నేనెందుకు పోవాలె? నేను నీ మొగణ్ణి."

"నాకు మొగడు. జాహేదాకేమైతరు?"

ఆయన మౌస్ మీది చేయి తీశాడు. నర్సింహ వెనకే బయటికి నడిచాడు. జులేఖా తలుపు గడియ పెట్టి లాడ్లీ బేగంను లోపలికి పిలిచింది. కోపం ఇంకా దిగలేదు, వైరు రెండోసారికి గానీ కుదరలేదు. తెర మీదికి జాహేదా వచ్చింది, జుట్టు విరబోసుకుని, పగలబడి నవ్వుతూ. ముసలామె తెరను వేలితో తాకి చూసింది.

"ఎవరూ చూడలే గద బేటీ?"

చూడలేదంటే సరిపోయేది. జులేఖా అనలేకపోయింది. "నుదురు దాకా చూసిన్రు నానీ. కండ్ల కాడికి రాకముందే వైరు గుంజేసిన."

లాడ్లీ బేగం తెర మీది నుంచి వేలు తీసింది. తర్వాత గడియ పెట్టిన తలుపు వైపు చూసి, గొంతు పెంచి అంది. "అయితే గా వైరు నీ తాన్నే ఉంచుకో. ఆయనకియ్యకు."

కావలసిన ఫొటోలను జులేఖా స్టూడియోలోని రంగుల ప్రింటర్‌ మీద తనే ప్రింటు తీసి లాడ్లీ బేగం చేతికిచ్చింది. కంప్యూటర్లోవీ కెమెరాలోవీ అన్నీ తుడిచేసింది. వైరు చుట్టచుట్టి బుర్ఖా జేబులో వేసుకుని గడియ తీసింది.

లియాఖత్ గుమ్మంలోనే ఉన్నాడు. బల్ల మీద కెమెరా చూశాడు, కంప్యూటర్ వెనక చూశాడు. "వైరేది?"

"రామచంద్రయ్య ఇంట్ల ఫొటోలు తీస్కరార్రి," అంది జులేఖా, ముసలామె చేయి పట్టుకుని మెట్లు దిగుతూ. "నేనెక్కిస్త."